ఉత్తరపు మడికి మే నెలలో వచ్చే ఎండ: విశాఖలో ఒక కలాడియం కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా, కొండవాలు మీద ఉన్న ఒక పాత కాలనీలోని రెండంతస్తుల సొంత ఇంటికి సంబంధించినది. ఇంటివారిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. చోటు అమరికను మాత్రం, ఈ కేసులో నేర్చుకోదగినదంతా దానిలోనే ఉన్నందువల్ల, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

ఇల్లు తూర్పు ముఖం. ముందు ప్రహరీ గోడకు లోపలి వైపున ఒక మడి ఉంది. పొద్దెక్కిన దగ్గర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా దానిమీద ఎండ పడుతుంది, ఆ తరువాత ఇంటి నీడ కమ్ముకుంటుంది. ఇంటికి ఉత్తరాన, గోడకూ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల వెడల్పున మరో మడి ఉంది. పడమట, కారు ఆపే సిమెంటు నేల పక్కన, అడుగున్నర వెడల్పు పట్టీ ఒకటి ఉంది. ఇంటావిడ చాలా ఏళ్ళుగా ఉత్తరపు మడిలోనే కలాడియం (రంగురంగుల ఆకుల అందం కోసం పెంచే దుంప మొక్క) పెంచుతున్నారు. అందులో ఎక్కువ భాగం తెల్లటి పలుచని ఆకు మీద ఆకుపచ్చని ఈనెలుండే పాత రకం, నర్సరీల్లో కాండిడమ్ అనే పేరుతో దొరికేది. మిగిలినవి ఎర్రటి నడిమి భాగం, ఆకుపచ్చని అంచు ఉన్న రకాలు. పక్కింటి మామిడిచెట్టు కొమ్మలు ప్రహరీ మీదుగా ఇటు వాలి ఉండటంతో మడి ఏడాది పొడుగునా చల్లగానే ఉండేది. పక్కింటివారు పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటుకు ఇచ్చినప్పుడు, చలికాలంలో, ఆ చెట్టును కొట్టేశారు. తోటలకు సలహాలిచ్చే మమ్మల్ని పిలిచింది ఆ తరువాతి వేసవిలో, రోహిణి కార్తె నడుస్తుండగా.

ఇంటావిడ మొదటే ఒక షరతు పెట్టారు. మడి తీసేసి క్రోటన్లు వేయమని సలహా చెప్పేటట్టయితే మా అవసరం లేదన్నారు. నీడ మొక్కను ఎండలో పెంచమని అడిగేవారిని సున్నితంగా వారించడమే మా వృత్తిలో మామూలుగా జరిగే పని. కాని ఆ షరతు వల్లనే ఈ కేసులో ప్రతి నిర్ణయాన్నీ కొంచెం లోతుగా ఆలోచించవలసి వచ్చింది.

కనిపించిన సమస్య

ఇంటివారూ తోటమాలీ కూడా మొక్కలకు వచ్చినదాన్నంతటినీ ఎండదెబ్బ అనే ఒక్క మాటతో చెప్పారు. మడి దగ్గర కూర్చుని ఆకులు తిప్పి చూస్తే అక్కడ మూడు వేరువేరు నష్టాలు కనిపించాయి.

మొదటిది, ఆకు మధ్యలో, ముఖ్యంగా తెల్లటి భాగాల్లో, కాగితంలా ఎండి పారదర్శకంగా మారిన మచ్చలు. ఇవి ఆకాశానికి ఎదురుగా ఉన్న ఆకుల మీదే ఉన్నాయి. ఒక ఆకు కింద ఇంకొకటి దాగి ఉన్నచోట, కింది ఆకుకు పై ఆకు నీడ పడినంత మేర మచ్చ లేదు. ఇది నిజమైన ఎండదెబ్బ. రెండోది, ఆకు చుట్టూ అంచు వెంబడి గోధుమరంగు పట్టీ. ఇది ముదురాకుల్లో ఎక్కువగా, లేతాకుల్లో తక్కువగా ఉంది, నీడలో దాగిన ఆకులను కూడా వదలలేదు. ఎండే కారణమైతే నీడలో ఉన్న ఆకు తప్పించుకోవాలి. తప్పించుకోలేదు కాబట్టి నీటినీ ఎరువునీ అనుమానించాము. మూడోది, నేల తడిగా ఉన్నా కాడలు నేలకు వాలిపోవడం. వీటిలో కొన్ని మొక్కలు సాయంత్రానికి లేచి నిలబడేవి, కొన్ని తెల్లవారి చూసినా లేవలేదు. లేచేవాటికి జబ్బేమీ లేదు. వెడల్పాటి ఆకు మధ్యాహ్నం వదిలే నీటిని వేరు అదే వేగంతో అందించలేకపోవడమే అది. తెల్లవారికి కూడా లేవనివాటిని తవ్వి చూస్తే దుంపలు ఒకవైపు మెత్తబడి, వాసన వస్తున్నాయి.

ఈ మూడింటినీ ముందే విడదీయకపోతే తరువాత చేసే ఏ పనికి ఏ ఫలితం వచ్చిందో తేల్చలేము. నీడ కల్పిస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది తగ్గదు. నీళ్ళు పెంచితే మూడోది ఇంకా పెరుగుతుంది.

మేము వెళ్ళేసరికే జరిగినవి

తోటమాలి రోజుకు మూడుసార్లు, మిట్టమధ్యాహ్నంతో సహా, బోరు నీళ్ళు పెడుతూ ఆకుల మీద కూడా చల్లేవాడు. "వాడిపోతంటే నీళ్లెయ్యకండా ఎలాగుంటామండి?" అన్న అతని ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. కానీ మధ్యాహ్నం వాడి సాయంత్రం లేచే మొక్కకు ఆ నీరు అక్కరలేదు, దుంప కుళ్ళి వాడిన మొక్కకు అది విషంతో సమానం. పైగా టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) పెట్టి చూస్తే ఆ బోరు నీరు వెయ్యి దాటింది. మున్సిపల్ కుళాయి నీటిలో అందులో ఐదో వంతు కూడా లేదు. సముద్రానికి దగ్గరి బోర్లలో ఇది కొత్త విషయం కాదు. ఆ నీరు ఆకు మీద పడి ఎండలో ఆవిరైనప్పుడల్లా లవణం మిగులుతుంది. వేరు దగ్గర చేరిన లవణం ఆకు అంచు దాకా ప్రయాణించి అక్కడ పేరుకుంటుంది. నీటిబొట్టు భూతద్దంలా పనిచేసి ఆకును కాలుస్తుందని తోటల్లో తరచు వినిపించే మాటకన్నా, ఆ బొట్టులో ఏముందో చూడటం ఇక్కడ ఉపయోగపడింది. దీనికి తోడు మొక్కలు నీరసించాయని నెలకోసారి గుప్పెడు చొప్పున డీఏపీ గింజలు మొదళ్ళ దగ్గర వేస్తున్నారు. అదీ లవణమే.

ఇంటావిడ తమవంతుగా రెండు ప్రయత్నాలు చేశారు. ముదురు ఆకుపచ్చ షేడ్ నెట్, 75 శాతం నీడనిచ్చేది, మడి మొత్తం మీద కట్టించారు. దాని కింద ఆకులు మాడటం తగ్గింది గాని కాడలు బారెడు సాగి వెలుతురు వైపు ఒరిగాయి. తరువాత ఒక నర్సరీలో "ఎండకు ఆగే రకం" అని చెప్పి అమ్మిన ఎర్రటి కలాడియం కుండీలు కొని తూర్పు మడిలో దింపించారు. వారం తిరక్కుండానే వాటి ఆకులన్నీ మాడాయి. దాంతో ఎండకు ఆగే రకమన్నది అమ్మకానికి చెప్పే మాటని ఆమె తీర్మానించారు.

ఆ మాడిన కుండీ మొక్కలే మాకు మొదటి ఆధారం. నాటినప్పుడున్న పాత ఆకులు పూర్తిగా పోయాయి, కాని నడిమి నుంచి కొత్తగా విచ్చుకుంటున్న ఆకుల్లో ఒక్క మచ్చ కూడా లేదు. అవి చిన్నగా, దళసరిగా, పొట్టి కాడలతో వస్తున్నాయి. ఆ మొక్కలను నర్సరీలో నెట్ కింద పెంచారు. నీడలో తయారైన ఆకు పలుచగా, వెడల్పుగా, తక్కువ వెలుతురును ఎక్కువగా పట్టుకునేటట్టు తయారవుతుంది. ఒకసారి విచ్చుకున్నాక దాని నిర్మాణం పెద్దగా మారదు. ఎండకు తట్టుకునే శక్తి రకానికి ఉన్నా, నీడలో పుట్టిన ఆ ఆకుకు లేదు. కాబట్టి మాడిన ఆకులను చూసి రకం మీద తీర్పు ఇవ్వకూడదు, ఎండలో పుట్టిన ఆకును చూసి ఇవ్వాలి.

దీనికి బలమైన సాక్ష్యం వేరేచోట ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే కలాడియం దుంపల్లో అధిక భాగం అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్ ప్రాంతం నుంచి వస్తుంది, అక్కడ ఈ పంటను ఆరుబయట పొలాల్లో, నీడ లేకుండా పండిస్తారు. ఆ పొలాలు సేంద్రియ పదార్థం దండిగా ఉన్న నల్లటి నేలలు, వేరుకు తేమ ఎప్పుడూ అందుతూ ఉంటుంది, దుంప అక్కడే మొలిచి అక్కడే ఆకు వేస్తుంది. అమెజాన్ అడవుల నీడ నుంచి వచ్చిన మొక్క ఆ ఎండకు నిలబడుతోందంటే ఈ మూడు పరిస్థితుల వల్లనే. మా మడిలో వీటిలో ఏది లేదో వెతకడం మొదలుపెట్టాము.

సూర్యుడి లెక్క

ఉత్తరపు మడికి ఎండ సమస్య ఉందని మేము అన్నప్పుడు ఇంటావిడ ఒప్పుకోలేదు. "ఉత్తరం వైపు ఎండెక్కడిదండీ? జనవరిలో ఇక్కడ బట్టలు కూడా ఆరవు" అన్నారు. ఆమె చూసినది నిజం. జనవరికీ జూన్‌కీ మధ్య సూర్యుడి దారి మారుతుందన్న సంగతి మాత్రం అందులో లేదు, ఎన్నో ఏళ్ళు మామిడిచెట్టు దాన్ని కప్పి ఉంచింది.

విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి జరిగి, జూన్ 21 ప్రాంతంలో నడినెత్తికి దాదాపు 6 డిగ్రీలు ఉత్తరంగా నిలిచి, ఆగస్టు మొదటి వారంలో తిరిగి నడినెత్తికి చేరి దక్షిణానికి మళ్ళుతాడు. అంటే ఏడాదిలో దాదాపు పన్నెండు వారాలపాటు ఇంటి ఉత్తరపు గోడకు మధ్యాహ్నం కూడా ఎండ తగులుతుంది, పొద్దున సూర్యుడు తూర్పుకు బాగా ఉత్తరంగా పొడుస్తాడు గనక ఉదయమూ సాయంత్రమూ కూడా తగులుతుంది. ఆ పన్నెండు వారాల్లో రోహిణి కార్తె మొత్తం ఉంది.

మడిలోనే దీనికి గుర్తు కనిపించింది. గోడను ఆనుకుని ఉన్న వరుస తక్కిన వరుసలకన్నా బాగా ఉంది. గోడ మీద రెండడుగులు ముందుకు వచ్చిన సన్‌షేడ్ నీడ, సూర్యుడు కొద్దిగా ఉత్తరాన ఉన్నందువల్ల, గోడవైపు జరిగి, మధ్యాహ్నం మడిలో సుమారు అడుగు వెడల్పున పడుతోంది. తక్కిన మూడడుగులకు మధ్యాహ్నం ఏ ఆచ్ఛాదనా లేదు.

ఈ లెక్క తేలడంతో నిర్ణయాల స్వభావమే మారింది. ఉత్తరపు మడికి శాశ్వతంగా నెట్ కట్టడమంటే పన్నెండు వారాల ఇబ్బందికి ఏడాది పొడుగునా మందు వేయడమే. ఏడాది పొడుగునా ఉదయపు ఎండ పడే తూర్పు మడిదీ, కొన్ని నెలలు మాత్రమే ఎండ పడే ఉత్తరపు మడిదీ ఒకే సమస్య కాదు. రెంటికీ ఒకే తేదీన ఒకే రకం నాటడంలో అర్థం లేదు.

ఆ వేసవికి చేసినవి

ముందు ఉన్నవాటిని బతికించాలి. డీఏపీ ఆపించాము. మున్సిపల్ నీరు ఉదయం కొద్దిసేపే వస్తుంది కాబట్టి రెండు పెద్ద డ్రమ్ములు పెట్టించి, ఆ నీటితో మడిని రెండు దఫాలు, అడుగు నుంచి నీరు బయటికి వచ్చేదాకా నిదానంగా తడిపించాము. పేరుకున్న లవణాన్ని కిందికి దింపడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. నీరు ఆగిపోయే మూల ఒకటి బయటపడింది, అక్కడి దుంపలే ఎక్కువగా కుళ్ళాయి. అక్కడ మట్టి తీసి, వాలు సరిచేశాము. ఆ తరువాత తెల్లవారుజామున ఒక్కసారే, మొదళ్ళ దగ్గరే, లోతుగా తడపడం. ఆకుల మీద చల్లడం పూర్తిగా మానేయడం. మడి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచాము. వేరుకు తగిలే వేడి తగ్గడం కంటికి కనిపించదు, కాని పైన పొడి, కింద వేడి ఉన్న మట్టిలో కలాడియం వేరు పనిచేయదు.

ఇంట్లో మూడు ఏసీలున్నాయి, వాటి నీరు మురుగు కాలువలోకి పోతోంది. విశాఖ ఉక్కపోతలో ఒక్కో ఏసీ రోజుకు బకెట్లకొద్దీ నీరు వదులుతుంది. గాలిలోని తేమ చల్లబడి వచ్చిన నీరు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. గొట్టాలను డ్రమ్ముల్లోకి మళ్ళించడం ఒక ప్లంబరు పూటపని. ఖర్చు లెక్కన చూస్తే ఈ కేసులో అన్నిటికన్నా లాభసాటి పని ఇదే.

కొత్తగా విచ్చుకునే ప్రతి ఆకు కాడకూ ఎర్రటి దారం వదులుగా కట్టించాము. మాడిన ఆకు కోలుకోదు, గోధుమరంగు అంచు తిరిగి పచ్చబడదు. యజమాని మాత్రం రోజూ చూసేది ఆ పాత నష్టాన్నే, చికిత్స పనిచేయడం లేదని మనసు విరిగేది అక్కడే. దారం ఉన్న ఆకులను మాత్రమే చూడండి అని చెప్పాము. మాడిన ఆకులన్నీ ఒక్కసారిగా కోసేయాలని ఇంటావిడ తొందరపడినా మేము ఒప్పుకోలేదు. సగం పచ్చగా ఉన్న ఆకు దుంపకు ఇంకా తిండి పెడుతూనే ఉంటుంది. మొక్కకు రెండు మంచి కొత్త ఆకులు వచ్చేదాకా పాతవాటిని ఉంచాము.

పనికిరానివి

75 శాతం నెట్ తీసి 50 శాతం నెట్ కట్టి చూశాము. లెక్క ప్రకారం అది సరైనదే, మొక్కలూ దానికింద బాగానే ఉన్నాయి. కాని సముద్రపు గాలి మధ్యాహ్నానికి ఊపందుకునే ఆ వాలులో నెట్ గాలికి తెరచాపలా ఉబ్బి కట్లు తెంపుకునేది. గట్టిగా బిగిస్తే కన్నాల దగ్గర చిరిగేది. రోజూ విప్పి కట్టడం తోటమాలి వల్ల అయ్యే పని కాదు. పదిమంది సిబ్బంది ఉన్న నర్సరీలో సాగే పద్ధతి ఇంటి తోటలో సాగదన్నది నెట్ విషయంలోనే ఎక్కువగా తెలుస్తుంది. తొలకరి మబ్బులు పట్టగానే దాన్ని తీసేశాము, మళ్ళీ కట్టలేదు.

పడమటి పట్టీలో అవిసె మొక్కలు వరుసగా వేసి, వాటి పలుచని నీడలో కలాడియం పెట్టే ఆలోచన కూడా చేశాము. తమలపాకు తోటల్లో అవిసె నీడ ఎంత బాగా ఉపయోగపడుతుందో మన రైతులకు తెలిసిందే, అది తొందరగా పెరుగుతుంది, నీడ దట్టంగా ఉండక జల్లెడలా పడుతుంది. అవిసె పెరిగింది. కాని సిమెంటు నేల నుంచి కొట్టే వేడిని పైనుంచి పడే నీడ ఆపలేదు, అడుగున్నర వెడల్పు మట్టిలో అవిసె వేర్లూ కలాడియం వేర్లూ ఒకే తేమ కోసం పోటీపడ్డాయి. పరీక్షగా పెట్టిన కొద్ది మొక్కలు చావలేదు, అలాగని చూడటానికి బాగా కూడా లేవు. ఆకు పరిమాణం సగానికి తగ్గి అంచులు ముడుచుకున్నాయి. అవిసె కొమ్మ పెళుసు, అక్టోబరు తుపాను గాలులకు కారు మీద విరిగిపడే ప్రమాదం కూడా ఉంది. ఆ పట్టీలో కలాడియం వద్దని స్పష్టంగా చెప్పి నూరువరహాలు వేయించాము. ఇంటావిడ పెట్టిన షరతుకు మేము అడ్డుచెప్పినది ఆ ఒక్క చోటే.

కొత్త రకాలతో మడి మొత్తం నింపడం కూడా సగమే ఫలించింది. మన నర్సరీల్లో కలాడియం చాలావరకు రకం పేరు లేకుండానే అమ్ముడవుతుంది. 'రెడ్ ఫ్లాష్', 'ఆరన్', 'ఫ్లోరిడా స్వీట్‌హార్ట్' వంటివి ఎండకు ఓర్చుకునేవిగా పేరున్న రకాలు. కాని పేరు రాసిన చీటీ కుండీలో ఉన్నా మొక్క అదేనన్న భరోసా లేదు. ఒకే రకమని తెచ్చిన దుంపల్లో రెండు మూడు రకాలు మొలిచాయి. అందువల్ల పేరును వదిలి ఆకునే పరీక్షించడం అలవాటు చేసుకున్నాము. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వేళ్ళ నీడ అవతలికి స్పష్టంగా కనిపించేంత పలుచగా ఉన్నది ఎండ మడికి పనికిరాదు. హృదయాకారపు వెడల్పాటి ఆకులకన్నా, బల్లెపు మొనలా సన్నగా, పొడవుగా, కాస్త ముడతలు పడిన అంచుతో ఉండే రకాలు సాధారణంగా ఎండకు బాగా నిలుస్తాయి. తెల్లని భాగం ఎంత ఎక్కువైతే అంత జాగ్రత్త. అక్కడ పత్రహరితం తక్కువ, పొర పలుచన.

రెండో ఏడు చేసినవి

దుంపలు విశ్రాంతిలో ఉన్న చలికాలంలోనే రెండో ఏటి పని మొదలైంది. అక్టోబరు, నవంబరు వానలు తగ్గి ఆకులు పండి వాలిపోయాక, నీళ్ళు ఆపి, ఉత్తరపు మడిలోని దుంపలన్నీ తవ్వించాము. ఈ పనికి చేతి తొడుగులు తప్పనిసరి. చేమజాతి మొక్కలన్నిటిలాగే దీనిలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చర్మం దురదపెడుతుంది, పిల్లలో కుక్కలో నమిలితే నోరు వాస్తుంది. మెత్తబడిన దుంపలను పారేసి, కొద్దిగా దెబ్బతిన్నవాటిని గట్టి కండ వచ్చేదాకా కోసి, కోత ఆరాక శిలీంద్రనాశిని పొడి అద్ది, పొడి ఇసుకలో గాలి ఆడే గదిలో ఉంచాము. ఫ్రిజ్‌లో పెట్టాలా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. 15 డిగ్రీలకన్నా చల్లబడితే ఈ దుంప పాడవుతుంది, విశాఖ ఇళ్ళలో మామూలు గది చాలు.

మట్టిని మూడింట ఒక వంతు సేంద్రియ పదార్థం ఉండేటట్టు మార్చాము: మాగిన పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టులోనూ లవణం ఉంటుంది. దాన్ని రెండు మూడుసార్లు మంచినీటిలో నానబెట్టి పిండకుండా వాడితే ఏ సమస్యను తప్పించుకోవాలనుకున్నామో దాన్నే కొని తెచ్చుకున్నట్టవుతుంది. మడిని ఆరంగుళాలు ఎత్తు చేశాము. వేసవిలో తేమ పట్టి ఉంచే మట్టే ఈశాన్య రుతుపవనాల వానల్లో దుంపను కుళ్ళబెడుతుంది. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చడానికి ఎత్తు తప్ప వేరే మార్గం మాకు తోచలేదు.

నాటే తేదీ దగ్గర ఎక్కువసేపు ఆలోచించవలసి వచ్చింది. విశాఖలో మార్చి నాటికే నేల వెచ్చబడుతుంది, దుంప మొలవడానికి కావలసిన 21 డిగ్రీలు అప్పటికే దాటి ఉంటాయి. మామూలుగా అయితే అప్పుడే నాటాలి. తూర్పు మడిలో అలాగే చేశాము. అక్కడ మార్చిలోనూ ఎండే, జూన్‌లోనూ ఎండే, కాబట్టి మొదటి ఆకు నుంచే అది ఎండ ఆకుగా తయారవుతుంది. ఉత్తరపు మడిలో మార్చిలో నాటితే మొదటి ఆకులన్నీ ఇంటి నీడలో, పలుచగా, వెడల్పుగా విచ్చుకుంటాయి, మే రెండో వారంలో సూర్యుడు ఇటు తిరగగానే నర్సరీ కుండీలకు జరిగినదే వాటికీ జరుగుతుంది. అందువల్ల ఆ దుంపలను ఇసుకలోనే ఆపి, మే రెండో వారంలో నాటించాము. మొలక పైకి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి ఆకు విచ్చుకునేది మృగశిర కార్తెలో, ఎండ నేరుగా పడుతున్నప్పుడే, అయితే అప్పటికి తొలకరి మబ్బులూ జల్లులూ తోడుంటాయి. నేల ఖాళీగా ఉన్న ఏప్రిల్ చూసి ఇంటావిడ కలవరపడ్డారు. ఆ ఖాళీయే చికిత్స అని చెప్పి ఒప్పించడం మట్టి పని అంతటికన్నా కష్టమైంది.

తూర్పు మడిలోని దుంపలకు నాటేముందు నడిమి పెద్ద కన్నును (మొలక వచ్చే చోటును) గోటితో తీసేశాము. అలా చేస్తే పక్క కన్నులన్నీ మేల్కొని, తక్కువ ఎత్తులో, చిన్న ఆకులు ఎక్కువగా వస్తాయి. మొలక కొద్దిగా ఆలస్యమవుతుంది. ఎండలో చిన్న ఆకే మేలు, అది తక్కువ నీరు వదులుతుంది, ఒకదానికొకటి నీడ కూడా ఇస్తాయి. ఉత్తరపు మడిలో ఈ పని చేయలేదు. ఇప్పటికే ఆలస్యంగా నాటుతున్న దుంపను ఇంకా ఆలస్యం చేయడం ఎందుకని.

ఇంటావిడకు ఇష్టమైన తెల్ల రకాన్ని గోడ పక్కన సన్‌షేడ్ నీడ పడే అడుగు వెడల్పు వరుసలోకి చేర్చాము. దాని ముందు రెండు వరుసల్లో దళసరి ఎర్ర రకాలు. ఎరువును పలుచగా, నెలకు ఒకసారి వర్మీ కంపోస్టు రూపంలోనే ఇచ్చాము. నత్రజని ఎక్కువైతే ఆకు ఆకుపచ్చకు తిరిగి రంగు మందగిస్తుంది, రంగే లేకపోతే ఈ మొక్క పెంచడంలో అర్థమే లేదు.

ఆ జూన్‌లో మాడిన మచ్చలు ముందు వరుసలోని ఏవో కొన్ని ఆకులకు తప్ప రాలేదు, అవీ రెండు మూడు రోజులు డ్రమ్ము ఎండిపోయి బోరు నీరు పెట్టిన తరువాత వచ్చినవి. మధ్యాహ్నం వాలడం కొనసాగింది. దాన్ని నయం చేయాలని మేము అనుకోలేదు, తోటమాలి కూడా సాయంత్రం దాకా ఆగి చూడటం నేర్చుకున్నాడు. ఆగస్టులో ఉత్తరపు మడికి నీడ తిరిగి రాగానే కొత్త ఆకులు మళ్ళీ పెద్దవి కావడం మొదలుపెట్టాయి. తూర్పు మడిలో ఆకులు పరిమాణంలో చిన్నవే, రంగులో మాత్రం ఉత్తరపు మడికన్నా గాఢంగా నిలిచాయి.

ఈ కేసు తరువాత మా పద్ధతిలో మారినవి

కలాడియం మాడిందని ఎవరైనా ఫోటో పంపితే ఇప్పుడు ముందుగా ఎండ గురించి అడగడం మానేశాము. మచ్చ ఆకు మధ్యలోనా అంచునా, నీడలోని ఆకుకు కూడా ఉందా, ఏ నీరు పెడుతున్నారు, మొక్కను ఎక్కడ పెంచి ఎక్కడికి మార్చారు, ఇవి తెలిశాకే ఎండ మాట. సముద్రపు వైపు కాలనీల నుంచి వచ్చే ఫోటోల్లో అంచు మాడినవే ఎక్కువ. వాటికి నీడ కట్టించి లాభం లేదు.

ఇంటికి ఉత్తరపు వైపును కళ్ళు మూసుకుని నీడ చోటుగా లెక్కవేయడం కూడా మానుకోవలసిందే. తోటపని పుస్తకాల్లో కనిపించే ఆ నియమం ఉష్ణమండలానికి బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో రాసినది. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా మన ఊళ్ళన్నీ ఉష్ణమండలంలోనే ఉన్నాయి. దక్షిణానికి పోయేకొద్దీ ఆ వారాల సంఖ్య ఇంకా పెరుగుతుంది. కొత్త చోట మడి వేసేముందు జనవరిలో చూసిన నీడను నమ్మక, ఆ గోడకు జూన్ మధ్యాహ్నం ఏం జరుగుతుందో లెక్క వేసి మరీ చెబుతున్నాము.

నీడలో పెరిగిన కుండీ మొక్కను కొన్నవారికి, అది ఏ రకమైనా, ఉన్న ఆకులు పోతాయని కొన్ననాడే చెప్పడం మంచిది. చెప్పకపోతే మంచి రకాన్ని పీకి పారేస్తారు. వీలైతే విశ్రాంతిలో ఉన్న దుంపనే కొని, ఉండబోయే చోటనే మొలిపించడం అన్నిటికన్నా ఉత్తమం.

ఇప్పటి స్థితి

పక్కింటి అపార్ట్‌మెంటు ఇప్పుడు అంతస్తులు లేస్తోంది. అది పూర్తయితే ఉత్తరపు మడికి మళ్ళీ నీడ వస్తుందని ఇంటావిడ సంతోషపడుతున్నారు, కాని లెక్క ఆమె ఆశించినట్టు లేదు. ఆ భవనం అడ్డుకోబోయేది తూర్పు ఈశాన్యం నుంచి వచ్చే పొద్దుటి లేత ఎండలో కొంత భాగాన్ని. జూన్‌లో నడినెత్తికి 6 డిగ్రీలు మాత్రమే వాలిన సూర్యుడికి పదిహేను మీటర్ల భవనం నీడ మీటరున్నర దాటి రాదు, రెండు ప్రహరీల మధ్య ఖాళీ అంతకన్నా ఎక్కువ. కలాడియానికి పనికొచ్చే ఎండ పోయి, పనికిరాని మధ్యాహ్నపు ఎండ మిగులుతుంది, దానికి తోడు తెల్లటి సిమెంటు గోడ నుంచి ప్రతిఫలించే వెలుతురు కొత్తగా చేరుతుంది. అందువల్ల ఈ చలికాలంలో తవ్విన దుంపల్లో తెల్ల రకం వాటా పెంచవద్దని, గోడపక్క ఉన్న ఒక్క వరుసకే దాన్ని పరిమితం చేయమని, ఎర్ర రకాల దుంపలనే కన్నుకొక ముక్కగా కోసి పెంచుకోమని చెప్పాము. భవనం గోడకు లేతరంగు వేస్తారో ముదురురంగు వేస్తారో చూసి మే నెలలో నాటే తేదీని మళ్ళీ నిర్ణయిస్తాము.